నట్టింట్లో బ్యాటు పట్టనివ్వండి

వానలు పట్టుకున్నాయంటే బడి మైదానం చెరువవుతుంది. పదిహేను రోజులు నీళ్లు, ఆపైన బురద, ఆ పైన మోకాటిలోతు గడ్డి. బడి ఆటల పోటీలు చాలావరకు ఆ నెలల్లోనే, లేదా ఆ వెంటనే వస్తాయి. సాఫ్ట్‌బాల్ జట్టులో పేరు ఇచ్చిన మన ఆడపిల్లలు బ్యాటును మూలన ఆనించి, "వాన వెలిశాక చూద్దాంలే" అనుకుంటారు. వాన వెలిసేసరికి పరీక్షలు. పరీక్షలు అయ్యేసరికి ఎంపికలు. నెల రోజులు బ్యాటు ముట్టని పిల్ల అక్కడ బంతి ఎదుట నిలబడితే చేతులు కదలవు. మూడు బంతుల్లో ఆమె వంతు ముగుస్తుంది. "ఈ పిల్లకు ఆట రాదు" అని ఎవరో ఒక మాట అనేస్తారు. ఆ సాయంత్రం బ్యాటు అటకెక్కుతుంది. మళ్లీ దిగదు.

ఇలా అటకెక్కిన బ్యాట్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో! అందుకే, ప్రియ పాఠకులారా, ఈ నెల కొంచెం వింతగా తోచే సంగతి ఒకటి మీ ముందు పెడుతున్నాను. సాఫ్ట్‌బాల్‌లో బ్యాటింగ్ అనే విద్యలో పెద్ద భాగం నాలుగు గోడల మధ్యనే నేర్చుకోవచ్చు. పెంకుటింటి వసారా చాలు. బడిలోనో, గుడి పక్కనో ఒక హాలు ఉంటే మరీ మంచిది. ఖర్చు దాదాపు లేదు. కావలసింది ఇంట్లోవాళ్ల ఓర్పు.

ఆట తెలియని పెద్దల కోసం రెండు మాటలు. సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్‌కు చెల్లెలు వంటిది. జట్టుకు తొమ్మండుగురు. గుండ్రటి బ్యాటు, పొడవు 34 అంగుళాలకు మించకూడదు. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, అంటే క్రికెట్ బంతికంటే బాగా పెద్దది. పేరులో 'సాఫ్ట్' అని ఉంది గాని అది మెత్తని బంతి కాదు, తగిలితే వాస్తుంది. బంతి వేసే పిల్లను పిచ్చర్ అంటారు. ఆమె చేతిని భుజం పైనుంచి కాక కిందనుంచి, తుంటి పక్కగా తిప్పి విసురుతుంది. బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది.

ఇంతకూ ఈ ఆట పుట్టినదే ఇంట్లో!

1887వ సంవత్సరం, నవంబరు నెల, అమెరికా వాళ్లు జరుపుకొనే కృతజ్ఞతార్పణ పండుగ దినం. చికాగో నగరంలో ఫర్రాగట్ బోట్ క్లబ్ అనే పడవల సంఘం వ్యాయామశాలలో కొందరు యువకులు కూర్చున్నారు. బయట చలి. ఆ రోజు యేల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల మధ్య ఫుట్‌బాల్ పోటీ జరుగుతోంది, ఫలితం తంతి ద్వారా రావాలి. యేల్ గెలిచిందన్న వార్త రాగానే ఆ పక్షపువాడొకడు ఉత్సాహం పట్టలేక అక్కడ పడి ఉన్న పాత బాక్సింగ్ తొడుగును ఎదుటి పక్షంవాడి మీదికి విసిరాడు. అతడు చేతిలో ఉన్న కర్రతో దాన్ని తిప్పికొట్టాడు. చూస్తున్న వారిలో జార్జ్ హ్యాంకాక్ అనే ఆయనకు అందులో ఒక ఆట కనబడింది. తొడుగును దాని తాళ్లతోనే ఉండగా బిగించి కట్టాడు. సుద్దముక్కతో నేలమీద గీతలు గీశాడు. చీపురు కర్ర బ్యాటు అయింది. చలికాలంలో బేస్‌బాల్ ఆడలేక చేతులు ముడుచుకు కూర్చున్న వాళ్లకు గదిలో ఆడుకొనే ఆట దొరికింది. కొన్నేళ్లపాటు దాన్ని 'ఇండోర్ బేస్‌బాల్' అనే పిలిచారు. వసంతం రాగానే అది గుమ్మం దాటి బయటికి వెళ్లింది, అంతే.

తరువాత 1895లో మినియాపోలిస్ పట్టణంలో లూయిస్ రోబర్ అనే అగ్నిమాపక అధికారి, మంటల కబురు వచ్చేదాకా ఖాళీగా కూర్చుండే తన సిబ్బంది ఒళ్లు పట్టు తప్పకుండా ఉండడానికి స్టేషను పక్క ఖాళీ స్థలంలో ఇలాంటి ఆటే ఆడించాడు. అక్కడ దానికి 'పిల్లికూన బంతి' అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఊరికొక పేరు, ఊరికొక నియమం. చివరికి 1926లో డెన్వర్‌లో వై.ఎం.సి.ఎ. పక్షాన పనిచేస్తున్న వాల్టర్ హేకన్సన్ 'సాఫ్ట్‌బాల్' అన్న పేరు సూచించగా అది నిలిచింది. వై.ఎం.సి.ఎ. అనగానే మన సంఘాల పెద్దలకు ఇంకో సంగతి గుర్తుకు రావాలి. బాస్కెట్‌బాల్ 1891లో, వాలీబాల్ 1895లో ఆ సంస్థ వ్యాయామశాలల్లోనే పుట్టాయి. ఆ సంస్థ మనిషే హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు. మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో డ్రిల్లు మాస్టార్లు కావాలనుకున్న తెలుగు యువకులకు ఆ కళాశాల పెద్ద దిక్కు.

సరే, ఇంట్లో పుట్టిన ఆటను ఇంట్లో సాధన చేయడమెలా? దానికి ముందు, సాధన దేనికోసమో తెలియాలి.

ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్ నిలబడే చోటికి, బ్యాటు పట్టిన పిల్ల ముందున్న హోమ్ ప్లేటుకు మధ్య దూరం 43 అడుగులు, సుమారు 13 మీటర్లు. పిచ్చర్ ఒక అడుగు ముందుకు వేసి వదులుతుంది కాబట్టి బంతి ప్రయాణించేది ఇంకా తక్కువ. పెద్ద స్థాయి పోటీల్లో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి చేరడానికి పట్టేది సెకనులో పదింట నాలుగు వంతులు. క్రికెట్‌లో చాలా వేగవంతుడైన బౌలరు ఎదుట బ్యాట్స్‌మన్‌కు దొరికే వ్యవధి కూడా దాదాపు అంతే. ఆ కాస్తలోనే బంతిని చూడాలి, కొట్టాలా వదలాలా తేల్చుకోవాలి, బ్యాటు తిప్పాలి. కాలు ఎక్కడ వేయాలి, మోచేయి ఎక్కడ ఉండాలి అని ఆలోచించుకునే తీరిక ఎక్కడిది? అవి ఒంటికి అలవాటైపోయి ఉండాలి. మగ్గం మీద కూర్చున్న నేతగాడు నాడెను చూసి విసురుతాడా? అలాంటి అలవాటు నెమ్మదిగా, లెక్కపెట్టుకుని, ఒకే కదలికను వందలసార్లు చేస్తే వస్తుంది. దానికి మైదానం అక్కరలేదు, పిచ్చర్ అక్కరలేదు. నిజం చెప్పాలంటే మైదానంలో ఆ అవకాశమే తక్కువ. ఇరవై మంది పిల్లలు వరుసలో నిలబడితే గంటలో ఒక్కొక్కరికి పట్టుమని పది బంతులు దొరకవు.

మన పిల్లలకు ఇంకొక చిక్కుంది. వీళ్లంతా అన్నదమ్ములతో వీధిలో క్రికెట్ ఆడి పెరిగినవాళ్లు. క్రికెట్‌లో బ్యాటు నిలువుగా కిందినుంచి వస్తుంది. సాఫ్ట్‌బాల్‌లో బ్యాటు భుజం దగ్గర మొదలై, అడ్డంగా, నడుము ఎత్తున తిరుగుతుంది. క్రికెట్‌లో వెనక్కి తాకినా పరుగే. ఇక్కడ రెండు గీతల మధ్య ముందుకే పోవాలి, అవతల పడితే ఫౌల్. క్రికెట్‌లో నచ్చని బంతులను ఎన్నైనా వదిలేయవచ్చు. ఇక్కడ మూడు స్ట్రైకులైతే అవుట్. కొత్తది నేర్చుకోవడం ఒక ఎత్తు, పాత అలవాటును మరిపించడం ఇంకొక ఎత్తు. మరిపించడానికి వేగం పనికిరాదు. ఆ పనికి నట్టిల్లే మేలు.

ఇక గది సంగతి. ఇది తేలికగా తీసుకోవద్దు, తల్లిదండ్రులు దగ్గరుండి చూడండి. పిల్ల నిలబడే చోట బ్యాటును చాచి నెమ్మదిగా చుట్టూ తిప్పించండి. ఎటు చూసినా ఇంకా మూరెడు ఖాళీ మిగలాలి. పైన ఫ్యాను తిరుగుతుంటే ఆపండి. ట్యూబులైటు, వేలాడే బల్బు, అద్దం బీరువా, గోడకున్న పటాలు గమనించండి. పెంకుటింట్లో దూలం ఎత్తు చూడండి. చిన్నపిల్లలు పాకుతూ వచ్చే ఇల్లయితే తలుపు గొళ్లెం పెట్టి మరీ మొదలుపెట్టండి. బ్యాటు ఊపుతున్న పిల్లకు వెనుక ఎవరున్నారో కనబడదు. అన్నిటికంటే ముఖ్యం, నిజమైన సాఫ్ట్‌బాల్‌ను ఇంట్లో కొట్టవద్దు. సిమెంటు గోడకు తగిలిన బంతి కొట్టినవాళ్ల ముఖం మీదికే తిరిగి వస్తుంది.

బదులుగా బంతులు ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత చీర పీలికలను గట్టిగా ఉండ చుట్టి, పాత మేజోడులో కుక్కి, మూతి కుట్టేయండి. అసలు బంతి అంత లావు ఉంటే చాలు. అరడజను చేసి పెట్టుకుంటే కొట్టిన ప్రతిసారీ పరుగెత్తి తెచ్చుకునే పని తప్పుతుంది. పట్టణంలో ఆటవస్తువుల దుకాణాల్లో చిల్లులున్న ప్లాస్టిక్ బంతులు దొరికితే అవీ మంచివే. ఆ చిల్లుల బంతికీ ఒక కథ ఉంది. 1953లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో డేవిడ్ మలానీ అనే తండ్రి, తన కొడుకు పెరట్లో చీపురు కర్రతో ఆడుకోవడం చూసి, విసిరితే సులువుగా వంపు తిరిగే బంతి కోసం తంటాలుపడి దాన్ని తయారుచేశాడు.

బంతిని ఆపడానికి ఒక తెర కావాలి. కోస్తా ఊళ్లలో పనికిరాక పక్కన పడేసిన చేపల వల దొరుకుతుంది, దానికి మించినది లేదు. లేనివాళ్లు మందపాటి దుప్పటిగానీ గోనెపట్టాగానీ దూలానికి వేలాడదీయండి. పైన మాత్రమే కట్టండి, కింది అంచు వదులుగా ఉండాలి. గోడకు మూరెడు ఇవతలగా ఉంటే బంతి దానిలో పడి, వేగం చచ్చి, కాళ్ల దగ్గర జారుతుంది. బిగించి కడితే తిరిగి తంతుంది. (అమ్మ రోజూ కట్టుకునే దోమతెరను మాత్రం ముట్టుకోవద్దని పిల్లలకు నా మనవి.)

మరొక సాధనం 'టీ'. తాగే టీ కాదు. బంతిని కదలకుండా నిలబెట్టే పీట అనుకోండి. పాత బాల్చీలో ఇసుక నింపి, నడుమ నడుము ఎత్తు వచ్చే ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టండి. గొట్టం పైకొసకు పాత మోటారు సైకిలు ట్యూబు ముక్కను రెండు పొరలుగా చుట్టి తాడుతో బిగించండి. జానెడు రబ్బరు గొట్టం పైకి నిలబడాలి, బంతి దాని మీద కూర్చోవాలి. బ్యాటు పొరపాటున కిందికి తగిలినా రబ్బరు వంగుతుంది, గొట్టం విరగదు. తొడ ఎత్తున ఒకటి, నడుము ఎత్తున ఒకటి, వీలైతే రెండు గొట్టాలు కోసి పెట్టుకోండి.

ఇప్పుడు సాధనకు వద్దాం. కుడిచేతివాటం పిల్లలను బట్టి చెబుతున్నాను, ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోండి.

మొదటి నాలుగు రోజులు బంతే వద్దు. ఎడమ భుజం తెరవైపు ఉంచి, పాదాలు భుజాలంత వెడల్పున పెట్టి, మోకాళ్లు కొంచెం సడలించి నిలబడాలి. బ్యాటును అరచేతిలో నొక్కిపట్టకుండా వేళ్లతో పట్టాలి. తలుపు తట్టేటప్పుడు తగిలే వేలి కణుపులు రెండు చేతులవీ ఇంచుమించు ఒక వరుసలో ఉండాలి. బరువును కాస్త వెనుక కాలి మీదికి తీసుకుని, ముందరి కాలిని జానెడుకు మించకుండా మెత్తగా ముందుకు వేయాలి. ఆ తరువాత తుంటి తిరగాలి, తుంటి వెంట భుజాలు, భుజాల వెంట చేతులు, చిట్టచివర బ్యాటు. ఈ వరుస తప్పిందా, బలం పోయినట్టే. గొడ్డలితో చెట్టు మొదలు నరికేవాణ్ణి చూపించండి, పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. అతడు చేతులతో నరకడు, నడుముతో నరుకుతాడు. తల మాత్రం కదలకూడదు. నెత్తిన నీళ్లబిందె ఉన్న మనిషి ఎలా ఉంటుందో అలా. బ్యాటు బంతిని తాకే క్షణంలో పై చేయి అరచేయి ఆకాశం వైపు, కింది చేయి అరచేయి నేలవైపు ఉండాలి. అక్కడ బ్యాటు ఆపి, చేతులను ఒకసారి చూసుకోమనండి. మణికట్టు అప్పుడే మెలి తిరిగి ఉంటే బంతి నేలకు కొట్టుకుంటుంది.

తరువాత గోడ దగ్గరి సాధన. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. బ్యాటు పిడిని పొట్టకు ఆనించి, రెండో కొస గోడను తాకేంత దూరంలో, గోడకు ఎదురుగా నిలబడాలి. అక్కడినుంచి కదలకుండా, గోడకు తగలకుండా బ్యాటును తిప్పాలి, మొదట్లో చాలా నెమ్మదిగా. చేతులు చాచి వెడల్పుగా తిప్పేవాళ్ల బ్యాటు టక్కున గోడకు తగులుతుంది. చేతులను ఒంటికి దగ్గరగా తెచ్చి, తుంటిని ముందు తిప్పితేనే తగలదు. మాస్టారు నోటితో వందసార్లు చెప్పినా రానిది గోడ పది నిమిషాల్లో నేర్పుతుంది. ఇల్లు ఇరుకని దిగులుపడే పిల్లలకు ఈ మాట చెప్పండి. (మంచి బ్యాటుకు దెబ్బలు తగలకుండా దీనికి వెదురుకర్ర వాడుకోండి, సున్నం రాలితే నాన్న మందలింపు తప్పదు.)

టీ మీద బంతి పెట్టి కొట్టేటప్పుడు చాలామంది చేసేది, ఎప్పుడూ ఒకేచోట పెట్టడం. పోటీలో బంతి ఒకేచోటికి రాదు కదా. ఒంటికి దగ్గరగా వచ్చే బంతిని ముందరి పాదం కంటే ముందే తాకాలి. దూరంగా వచ్చేదాన్ని కొంచెం ఆగి, ఒంటికి ఎదురుగా వచ్చాక తాకాలి. నడిమి బంతిది ఈ రెంటికీ నడుమ. టీని ఈ మూడు చోట్లకూ జరుపుతూ ఉండాలి. బంతి తెరలో ఎక్కడ పడుతోందో చూస్తే తప్పు ఇట్టే తెలిసిపోతుంది. తెర నడుమ సుద్దతో ఒక గుండ్రం గీయండి. బంతి పైకప్పువైపు లేస్తుంటే వెనుక భుజం వాలుతోందని అర్థం. నేలకు కొట్టుకుంటుంటే చేతులు ముందే మెలి తిరుగుతున్నాయని అర్థం.

ఆపైన విసిరించుకుని కొట్టడం. దీనికి ఒక మనిషి కావాలి, అమ్మయినా, తమ్ముడైనా, నాయనమ్మయినా సరే. విసిరేవాళ్లు పిల్లకు ఎదురుగా కాక, ముందరివైపు ఏటవాలుగా, తెర పక్కన, బ్యాటు అందనంత దూరంలో పీట వేసుకుని కూర్చోవాలి. గుడ్డ బంతిని కిందినుంచి మెల్లగా, పిల్ల ముందరి తుంటి ఎదుటికి విసరాలి. బంతుల మీద రంగు సిరాతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయండి. కొట్టేముందు పిల్ల ఆ అంకెను పైకి చెప్పాలి. చెప్పగలిగిందంటే బంతిని నిజంగా చూస్తోందన్నమాట. చూపు కుదిరాక చీపురు కర్రతో చిన్న కాగితపు ఉండలు కొట్టించండి. అంత సన్నని కర్రతో అంత చిన్న ఉండ తగిలాక అసలు బంతి గుమ్మడికాయంత కనబడుతుంది. కొందరు మొక్కజొన్న గింజలతో, చింతగింజలతో ఇది చేయిస్తారు. నాకు ఇష్టం లేదు. గట్టి గింజ విసిరేవాళ్ల కంట్లో పడితే ఆ ప్రమాదం ఎవరు తీరుస్తారు? తినే గింజను చీపురు కర్రతో కొట్టడమూ మన ఇళ్లలో చెల్లదు.

ఎన్ని కొట్టాలి? వాయికి ఇరవై ఐదు చొప్పున నాలుగు వాయిలు, మధ్యలో మంచినీళ్లు. అరగంటకు మించదు. అలసిపోయాక కొట్టే ప్రతి దెబ్బా తప్పు దెబ్బే, ఆ తప్పే ఒంటికి అలవాటవుతుంది. మణికట్టులోగానీ నడుములోగానీ నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయాలి. కరెంటు పోయిన సాయంత్రాల్లో బంతి తీసేసి ఉత్త ఊపులు ఊపుకోవచ్చు.

"ఇదంతా బాగానే ఉంది అయ్యగారూ, మరి చదువు?" ఇళ్లు దర్శించడానికి వెళ్లినప్పుడు తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబుగా నేను ఒక డాక్టరమ్మ సంగతి చెబుతుంటాను.

డాట్ రిచర్డ్‌సన్ 1961లో అమెరికాలో పుట్టింది. పదేళ్ల వయసులో అన్నదమ్ములతో బంతి ఆడుతుండగా ఒక శిక్షకుడు ఆమె విసురు చూసి ముచ్చటపడ్డాడు. అబ్బాయిల జట్టులోకి రమ్మన్నాడు గాని, ఒక షరతు పెట్టాడు. జుట్టు కురచగా కత్తిరించుకోవాలి, పేరు బాబ్ అని మార్చుకోవాలి. పదేళ్ల పిల్ల! తాను కానిది తానని చెప్పుకోవడం ఇష్టం లేక ఆమె వద్దంది. కొద్దికాలానికే ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్ ఆమెకు కనబడింది. పదమూడేళ్లకల్లా పెద్దవాళ్ల జట్టులో ఆడుతోంది.

పెరిగి వైద్యవిద్య చదివింది. డిగ్రీ తరువాత లాస్ ఏంజెలెస్‌లో పెద్దాసుపత్రిలో ఎముకల శస్త్రచికిత్సలో శిక్షణకు చేరింది. రాత్రింబగళ్లు డ్యూటీలు ఉండే చదువది. అప్పుడే 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్‌ను మొట్టమొదటిసారి చేర్చారు. ఆమెకు మైదానానికి వెళ్లే వేళ ఎక్కడిది? అందుకని తన పడకగదిలోనే వల కట్టించుకుంది. ఆసుపత్రినుంచి ఏ రాత్రివేళకో వచ్చి, పడుకునేముందు ఆ వలలోకి బంతులు కొట్టేది. చప్పుడు భరించలేని పొరుగువారొకరు, ఇంటి మరమ్మతు పనులేవో కాస్త మర్యాదైన వేళల్లో చేసుకోండని చీటీ రాసి పెట్టారట! పాపం, గోడ అవతల ఒలింపిక్స్‌కు సాధన జరుగుతోందని వారికేం తెలుసు?

శిక్షణకు ఒక ఏడాది సెలవు పెట్టి ఆమె అమెరికా జట్టులో ఆడింది. 1996 జూలై 30న చైనాతో ఆఖరి పోటీ. ఆ పోటీలో ఆమె కొట్టిన హోమ్ రన్ రెండు పరుగులు తెచ్చింది. అమెరికా 3-1తో గెలిచి ఆ ఆటలో మొట్టమొదటి ఒలింపిక్ బంగారు పతకం అందుకుంది. అప్పటికి ఆమె వయసు 34. పతకంతో తిరిగి వచ్చి కొద్దిరోజుల్లోనే మళ్లీ ఆసుపత్రి విధుల్లో చేరింది. 2000లో సిడ్నీలో రెండో బంగారు పతకం. 2013లో వర్జీనియా రాష్ట్రంలోని లిబర్టీ అనే క్రైస్తవ విశ్వవిద్యాలయపు సాఫ్ట్‌బాల్ జట్టుకు శిక్షకురాలైంది. ఆ జట్టు 2025లో దేశమంతటికీ మొదటి స్థానమిచ్చిన టెక్సాస్ ఎ అండ్ ఎం జట్టును ఓడించి జాతీయ పోటీలనుంచి తప్పించింది.

మన పిల్లలంతా డాక్టర్లో ఒలింపిక్ విజేతలో కావాలని ఈ కథ చెప్పడం లేదు. ఆ తల్లుల ప్రశ్నకు ఇందులో జవాబుంది. గ్రౌండుకు వెళ్లి రావడానికి రెండు గంటలు పోయే పిల్లకు చదువు దెబ్బతినవచ్చు. ఇంట్లో అరగంట కొట్టుకుని, చేతులు కడుక్కుని, పుస్తకం పట్టుకున్న పిల్లకు ఆ భయం లేదు. పైగా చీకటి పడ్డాక ఆడపిల్లను మైదానానికి ఎలా పంపడం అన్న దిగులూ ఉండదు. ఆ దిగులు వల్లనే కదా ఎనిమిదో తరగతి దాటగానే ఎందరో ఆడపిల్లల ఆట ఆగిపోతున్నది! కాని ఒక్క విషయం. నట్టింట్లో ఆడపిల్ల బ్యాటు ఊపుతుంటే, "ఆ గిన్నెలెవరు తోముతారు?" అన్న మాట ఏదో మూలనుంచి వస్తుంది. కొడుకు ఊపుతున్నప్పుడు రాని మాట అది. ఆ అరగంటా గిన్నెలు తోమేది ఎవరో మాత్రం ఇంటి పెద్దలే తేల్చాలి.

మన రాష్ట్రాల్లో ఈ ఆట కొత్తదేమీ కాదు. బడి పిల్లల జాతీయ పోటీల్లో సాఫ్ట్‌బాల్ ఉన్నది. అనంతపురంలో ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ, పల్లెల పిల్లలకు నేర్పిన ఆటల్లో ఇదీ ఒకటి. చినుకు కోసం ఎదురుచూసే జిల్లాలో పొలం పనులు చేసుకునే ఇళ్లనుంచి వచ్చిన ఆడపిల్లలు ఆ బ్యాటు పట్టుకున్నారు. ఒలింపిక్స్‌లో 2008 తరువాత ఈ ఆటను తీసేశారు. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో మళ్లీ పెట్టారు, అక్కడ జపాను గెలిచింది. 2024లో పారిస్‌లో లేదు. 2028 లాస్ ఏంజెలెస్ పోటీలకు తిరిగి చేర్చారు.

ఇంట్లో నేర్చుకోలేనివీ ఉన్నాయి, అవీ చెప్పాలి. పిచ్చర్ చేతిలోంచి వచ్చే అసలు బంతి వేగం, వంపు తెరముందు తెలియవు. ఏ బంతిని వదలాలో తెలియదు. కొట్టిన వెంటనే బ్యాటు వదిలి 60 అడుగుల దూరంలోని మొదటి బేస్‌కు పరుగెత్తడం వసారాలో కుదరదు. కాబట్టి వాన వెలిసిన మొదటి రోజే పిల్లను గ్రౌండుకు పంపండి. ఆ రోజు కొన్ని బంతులు తప్పుతాయి. గుడ్డ బంతికి అలవాటుపడిన చేతికి అసలు బంతి బరువు తగిలి మణికట్టు జివ్వుమంటుంది. తలకు హెల్మెట్ లేకుండా మాత్రం పిచ్చర్ ఎదుట నిలబడనివ్వకండి. మొదటి పది బంతులూ మెల్లగా వేయమని మాస్టారితో చెబితే వింటారు.

ఇంకొకటి, తడి నేల మీద దొర్లిన తోలు బంతి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. దాన్ని పొయ్యి దగ్గర పెట్టి ఆరబెట్టకండి, తోలు పగిలి కుట్లు ఊడిపోతాయి. పొడిగుడ్డతో తుడిచి, గాలి తగిలే చోట నీడన రెండు రోజులు ఉంచండి. ఈలోగా మేజోడు బంతులు మంచం కింద ఎలాగూ ఉన్నాయి.